భీముడి దవడ కింద బిళ్ళలు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది అంబాజీపేట దగ్గర పల్లె. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. మా ఇంట్లో ఎనిమిదేళ్ళ మగ లాబ్రడార్ ఉన్నాడు, పేరు భీముడు, బరువు 34 కిలోలు. మూడు వారాల కింద దవడ కింద రెండు పక్కలా నిమ్మకాయంత బిళ్ళలు చేతికి తగిలాయి. ఇప్పుడు భుజాల ముందు, వెనక కాళ్ళ మోకాళ్ళ వెనక కూడా ఉన్నాయి. నొప్పి లేదు. అన్నం తింటున్నాడు, కాలవలో దూకుతూనే ఉన్నాడు. కంపౌండరు అయిదు రోజులు ఇంజెక్షన్లు చేశాడు, తగ్గలేదు. తర్వాత చూసిన డాక్టరు గారు చేత్తో తడిమి, "లింఫోమా, అంటే క్యాన్సర్" అని ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు రాశారు. కొన్నాను గానీ మొదలెట్టలేదు, డబ్బా ఫ్రిజ్ మీద ఉంది. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి రోజుకో వీడియో పంపుతున్నాడు. ఫెన్‌బెండజోల్‌తో నయమైందని ఒకటి, గంజాయి నుంచి తీసిన సీబీడీ నూనె అని ఒకటి, పుట్టగొడుగుల పొడి అని మరొకటి. పక్కింటివాళ్ళు లక్ష్మణ ఫలం ఆకు కషాయంలో పసుపు కలిపి పట్టమంటున్నారు. కీమో అంటే మూగజీవాన్ని హింసపెట్టడమేనని మా ఆవిడ బాధ. అమ్మాయి పురిటికి వచ్చింది, ఏడో నెల. ఇది మనుషులకి అంటుకుంటుందేమోనని ఇంకో భయం. వీటిలో దేనికి శాస్త్రీయమైన రుజువుంది? భీముడు ఎన్నాళ్ళుంటాడు?

జవాబు: మాస్టారూ, ముందు ఆ డబ్బా సంగతి. దాన్ని ఫ్రిజ్ మీదే ఉండనివ్వండి, ఇప్పుడే మూత తీయకండి. మొదలెట్టకుండా ఆగారు చూడండి, అదే మీరు భీముడికి చేసిన పెద్ద మేలు. మీరు అనుకోకుండా చేసి ఉండొచ్చు గానీ, మేలు మేలే.

ఎందుకో చెప్తాను. లింఫోమా అంటే లింఫు కణాలు, అవీ తెల్లకణాల్లో ఒక రకమే, వాటి క్యాన్సర్. ఒంటినిండా బిళ్ళలు కట్టడం దాని లక్షణమే, అనుమానించిన డాక్టరు గారిది తప్పేమీ లేదు. కానీ చేత్తో తడిమి క్యాన్సరని తేల్చడం ఎవరివల్లా కాదు. అందులోనూ మన డెల్టాలో. ఇక్కడ కుక్కలకి పిడుదులు, అదే గోమార్లు, ఎంత విపరీతమో మీకు తెలుసు. గోధుమరంగు గోమారు కుడితే వచ్చే ఎర్లీషియా జ్వరంలోనూ బిళ్ళలు ఉబ్బుతాయి, రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, కొన్నిసార్లు ముక్కులోంచి రక్తం కారుతుంది. దానికి మందు డాక్సీసైక్లిన్, దాదాపు నాలుగు వారాలు వాడాలి. కంపౌండరు అయిదు రోజులు చేసిన ఇంజెక్షన్ ఏమిటో మీరు రాయలేదు. అది డాక్సీసైక్లిన్ కాకపోతే "యాంటీబయాటిక్‌కి తగ్గలేదు కాబట్టి క్యాన్సరే" అన్న లెక్క తప్పుతుంది. మీరే సున్నా మార్కులు వేస్తారు దానికి.

తేల్చేది సూది పరీక్ష. మనుషులకి గొంతు గడ్డలకి చేస్తారే, ఎఫ్ఎన్ఏసీ, అదే. మత్తు అక్కర్లేదు. నేను చేసేటప్పుడు యజమానిని కుక్క తల దగ్గర కూచోబెట్టి చేతికి రెండు బిస్కెట్లిచ్చేవాణ్ణి. 22 గేజ్ సూదిని బిళ్ళలోకి గుచ్చి, అటూ ఇటూ నాలుగైదుసార్లు కదిపి, బయటికి తీసి, లోపల చిక్కిన చుక్కని గాజుపలక మీద ఊది, రెండో పలకతో మెల్లిగా పరవాలి. నొక్కితే కణాలు చితికిపోతాయి. రెండో బిస్కెట్ అయ్యేసరికి పని అయిపోతుంది. రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తే ఆరోగ్యంగా ఉన్న బిళ్ళలో చిన్నచిన్న లింఫు కణాలే ఎక్కువ కనిపిస్తాయి. ఎర్ర రక్తకణానికి రెట్టింపు కన్నా పెద్ద కేంద్రకం ఉన్న కణాలు సగానికి మించి ఉంటే, అవి కూడా అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటే, అప్పుడు లింఫోమా అంటాం.

ఒక చిన్న కిటుకు. దవడ కింద బిళ్ళలోంచి తీయబోతే, మోకాలి వెనకదాంట్లోంచో భుజం ముందుదాంట్లోంచో తీయమని అడగండి. దవడ కిందవి చిగుళ్ళు చెడినా, పళ్ళు పుచ్చినా ఉబ్బుతాయి, స్లయిడ్ చూసేవాళ్ళని తికమక పెడతాయి. ఎనిమిదేళ్ళ లాబ్రడార్ నోట్లో పళ్ళన్నీ ముత్యాల్లా ఉంటాయని నేననుకోను.

ఇక ప్రెడ్నిసొలోన్. అది చెడ్డ మందు కాదు. లింఫు కణాల్ని చంపుతుంది, అందుకే వేసిన నాలుగు రోజుల్లో బిళ్ళలు కరిగిపోతాయి. చిక్కంతా అక్కడే ఉంది. బిళ్ళ కరిగాక సూది గుచ్చితే ఏమీ దొరకదు, జబ్బేమిటో తేలదు. పైగా మందుకి చావకుండా మిగిలిన కణాలు మొండికేస్తాయి. ముందు కొన్నాళ్ళు ఉత్త ప్రెడ్నిసొలోన్ వాడి, తర్వాత కీమోకి వెళ్ళిన కుక్కల్లో కీమో అంత బాగా పట్టదు.

ఇది పుస్తకంలో చదివి చెప్తున్న మాట కాదు. సర్వీసులో చేరిన కొత్తల్లో ముమ్మిడివరం వైపు ఒక ఇంట్లో అల్సేషియన్‌కి అచ్చం భీముడికి లాగే బిళ్ళలు కట్టాయి. సూది లేదు, స్లయిడ్ లేదు. ఆయనకున్న తొందర కన్నా నాకున్న తొందరే ఎక్కువ. ప్రెడ్నిసొలోన్ రాసేశాను. వారం తిరక్కుండా బిళ్ళలు మాయమయ్యాయి. ఆయన సైకిల్ వెనక చక్రకేళి గెల కట్టుకుని మరీ వచ్చాడు. నేను కాలర్ ఎగరేసుకుంటూ పుచ్చుకున్నాను. ఆరు వారాలకి కుక్క మళ్ళీ వచ్చింది, ఈసారి ఊపిరాడక. కీమో మొదలుపెట్టించాం, మూడు వారాలు కూడా నిలబడలేదు. ఆ గెల గుర్తొస్తే ఇప్పటికీ తల దించుకుంటాను.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకి వద్దాం, దేనికి రుజువుంది అన్నదానికి. వీడియోలో "మా కుక్క ఈ మందుతో ఏడాది బతికింది" అంటారు. నిజమే కావచ్చు. నేను అడిగేది ఒక్కటే: దేనితో పోలిస్తే? ఆ మందు వెయ్యకపోతే ఎన్నాళ్ళు బతికేదో ఆయనకి తెలీదు. లింఫోమాలోనే టీ-జోన్ అని ఒక నెమ్మది రకం ఉంది, దానితో కొన్ని కుక్కలు రెండేళ్ళ పైన హాయిగా తిరుగుతాయి. అలాంటి కుక్కకి వేపపుల్ల తినిపించినా వేపపుల్ల గెలిచినట్టే ఉంటుంది. చాలా వీడియోల్లో కుక్క ఆ పొడితోపాటు కీమో కూడా తీసుకుంటూ ఉంటుంది, అది చివర్లో ఎక్కడో ఒక ముక్క అంటారు. ఇంకో సంగతి, చనిపోయిన కుక్క యజమాని వీడియో తీయడు కదా. అదే పొడి వేసిన వంద కుక్కల్లో తొంభై పోయినా మనకి చేరేవి మిగిలిన పది కథలే.

పుట్టగొడుగుల పొడి కథ దీనికి చక్కటి ఉదాహరణ. 2012లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్ళు ప్లీహంలో వచ్చే హిమాంజియోసార్కోమా అనే క్యాన్సరున్న 15 కుక్కలకి, టర్కీ టెయిల్ అనే పుట్టగొడుగు నుంచి తీసిన మందు ఇచ్చారు. మూడు మోతాదులు, మోతాదుకి అయిదు కుక్కలు. ఎక్కువ మోతాదు తీసుకున్న అయిదింట్లో ఆయుష్షు మధ్యస్థం 199 రోజులు వచ్చింది. ఆ జబ్బుకి అది మంచి అంకే. అంతే, ప్రపంచమంతా పొడి అమ్మకాలు మొదలయ్యాయి. కానీ అందులో మందు తీసుకోని జట్టు లేదు. అయిదు కుక్కల మధ్యస్థం అంటే ఒకే ఒక్క కుక్క ఆయుష్షు, మూడోది. మీ క్లాసులో అయిదుగురు పిల్లల మార్కులు చూసి జిల్లా ఉత్తీర్ణత చెప్తారా? తర్వాత అదే విశ్వవిద్యాలయంలో దాదాపు వంద కుక్కలతో, డాక్సోరుబిసిన్ అనే కీమో మందుతో పక్కపక్కన పెట్టి చూశారు. 2022లో ఫలితం అచ్చయింది. కీమోకి ఆ పొడి కలిపినందువల్ల ఆయుష్షు పెరిగినట్టు తేలలేదు. ఈ రెండో కబురు మీ అబ్బాయి వీడియోల దాకా రాలేదు.

నాకు మాత్రం ఆ శాస్త్రవేత్తల మీద గౌరవం పెరిగింది. తాము మొదలుపెట్టిన ఆశని తామే పెద్ద పరీక్షకి పెట్టారు.

ఫెన్‌బెండజోల్ మన గేదె దూడలకి నులిపురుగులకి పోసే మందే. గాజు గిన్నెలో పెంచిన క్యాన్సర్ కణాల మీద అది పనిచేస్తుంది, ఆ మాటకొస్తే గాజు గిన్నెలో కణాల్ని సబ్బునీళ్ళూ చంపుతాయి. ఎలుకల్లో ఫలితాలు ఒకదానికొకటి పొసగలేదు. విటమిన్లతో కలిపి ఇచ్చినచోట కణితి పెరుగుదల తగ్గింది, ఇంకోచోట అదొక్కటే ఇస్తే తేడాయే లేదు. కుక్కల్లో పోల్చి చూసి నిరూపించినది లేదు. అది వేసిన ఒక కుక్కలో ఎముకమజ్జ దెబ్బతిని రక్తకణాలు పడిపోయిన కేసు మాత్రం నమోదైంది. కీమో జరుగుతుండగా మజ్జని కుంగదీసే రెండో మందు తోడైతే ఏమవుతుందో మీరే ఊహించండి.

సీబీడీ నూనెకి కీళ్ళనొప్పుల విషయంలో కొంత ఆధారం ఉంది. 2018లో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఉత్తుత్తి నూనెతో పోల్చి చూశారు, కీళ్ళవాతమున్న కుక్కలకి నొప్పి తగ్గింది, కొన్నిటికి కాలేయ ఎంజైమ్ ఒకటి పెరిగింది కూడా. క్యాన్సర్‌ని తగ్గిస్తుందనడానికి ఆ పాటి ఆధారం కూడా లేదు. పసుపు అన్నంలో చిటికెడు వేస్తే వెయ్యండి, పోయేదేమీ లేదు. అందులోని కర్క్యుమిన్ పేగుల్లోంచి రక్తంలోకి సరిగ్గా ఎక్కదు, అందుకే గిన్నెలో చూపించే ప్రతాపం ఒంట్లో చూపించదు. లక్ష్మణ ఫలం ఆకు కషాయం మాత్రం వద్దు. అందులో అనోనాసిన్ అనే పదార్థం నరాలకి విషం. కరీబియన్ సముద్రంలోని గ్వాడెలూప్ దీవిలో ఆ పండు, ఆకు టీ ఎక్కువగా వాడే మనుషుల్లో పార్కిన్సన్ లాంటి జబ్బు కనబడిందని 1999లోనే రాశారు. పక్కింటివాళ్ళని నొప్పించక్కర్లేదు, "డాక్టరు గారు ఏమీ పట్టొద్దన్నారు" అని నా మీద పెట్టెయ్యండి.

చెట్ల మందులంటే నాకు పడదని అనుకోకండి. మీ పెరట్లో తులసి కోట పక్కన బిళ్ళగన్నేరు మొక్క ఉండే ఉంటుంది, అయిదు రేకుల గులాబీరంగు పూలు, ఎవరూ నీళ్ళు పొయ్యకపోయినా గోడ పగుళ్ళలో కూడా మొలుస్తుంది. దాని సొంత ఊరు మడగాస్కర్. మనవాళ్ళు షుగరుకి దాని ఆకు నముల్తారు, జమైకాలోనూ అదే నమ్మకం. 1950ల్లో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే ఇద్దరు అది నిజమో కాదో చూద్దామని ఎలుకలకి ఇచ్చారు. షుగరు తగ్గలేదు గానీ ఎలుకల తెల్లకణాలు పడిపోయాయి. అనుకున్నది కాకుండా వేరేది కనబడితే పారెయ్యకుండా, తెల్లకణాలే అదుపు తప్పే జబ్బుకి ఇదెందుకు పనికిరాకూడదు అని పట్టుకున్నారు. వాళ్ళు విడదీసింది విన్‌బ్లాస్టిన్. అదే మొక్కలోంచి తర్వాత విన్‌క్రిస్టిన్ వచ్చింది, 1963లో అమెరికాలో మనుషులకి వాడడానికి అనుమతి పొందింది. ఇవాళ కుక్కల లింఫోమా వైద్యంలో అది మూలస్తంభం. బిళ్ళలకి బిళ్ళగన్నేరు మందు కావడం వట్టి కాకతాళీయం, కానీ నాకా మాట అనుకోవడం ఇష్టం.

అలాగని ఆకు నూరి పట్టెయ్యకండి బాబూ! టన్నుల ఆకులోంచి గ్రాముల్లో దిగే మందది. ఎంత ఆకులో ఎంత విషముందో ఎవరూ చెప్పలేరు. సీసాలో వచ్చే మందునే నేరుగా రక్తనాళంలోకి ఎక్కించాలి, ఒక చుక్క పక్కకి కారితే చర్మం, కండ కుళ్ళిపోతాయి.

విన్‌క్రిస్టిన్ సత్తా కళ్ళారా చూడాలంటే వీధికుక్కల్ని చూడాలి. జతకట్టేటప్పుడు ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే క్యాన్సర్ ఒకటుంది, టీవీటీ అంటాం. మర్మాంగం దగ్గర కాలీఫ్లవర్ లాగా కండ పెరిగి రక్తం కారుతుంటుంది. వేల ఏళ్ళ కింద ఆసియాలో ఎక్కడో ఒకే ఒక్క కుక్కలో పుట్టిన కణాలే, కుక్క నుంచి కుక్కకి పాకుతూ నేటిదాకా బతికి ఉన్నాయి. రావులపాలెం అరటి మార్కెట్ దగ్గర తిరిగే ఒక గోధుమరంగు కుక్కకి నేను వారానికొకసారి విన్‌క్రిస్టిన్ ఇచ్చాను. మూడో వారానికి కాలీఫ్లవర్ కాస్తా ఉసిరికాయంత అయింది, అయిదో వారానికి మచ్చ మిగిలింది. ఈ జబ్బులో నూటికి తొంభై కుక్కలు ఇలాగే పూర్తిగా బాగుపడతాయి. ఆరోవారం నన్ను చూడగానే పరిగెత్తి లారీ కింద దూరింది, కృతజ్ఞత అంటే అలా ఉంటుంది.

కుక్క క్యాన్సర్లలో అంటుకునేది మనకి కనబడేది అదొక్కటే, అదీ కుక్కల మధ్యనే. లింఫోమా భీముడి నుంచి మీకు గానీ, అమ్మాయికి గానీ, కడుపులో బిడ్డకి గానీ అంటదు. జాగ్రత్త పడాల్సింది జబ్బు గురించి కాదు, కీమో మందుల గురించి. సూది వేశాక రెండు మూడు రోజులు మూత్రంలో, మలంలో మందు పోతుంది. ఆ రోజుల్లో తీసి కడిగేది చేతి తొడుగులు వేసుకుని మీరే చెయ్యాలి, అమ్మాయి ఆ పక్కకి రాకూడదు. పక్కబట్టలు విడిగా ఉతకాలి. ఇంట్లో వెయ్యాల్సిన కీమో మాత్రల్ని విరవకూడదు, పొడి చెయ్యకూడదు, అమ్మాయి వాటిని ముట్టుకోనే కూడదు.

కీమో హింస అన్న మీ ఆవిడ గారి మాట. మనుషుల వార్డులు చూసినవాళ్ళకి ఆ భయం సహజం. మనుషుల్లో వ్యాధిని వేళ్ళతో సహా పీకేయడానికి ఒళ్ళు ఎంత తట్టుకుంటుందో అంత మందు పోస్తారు. కుక్కకి ముప్ఫై ఏళ్ళ భవిష్యత్తు లెక్క లేదు, ఉన్న రోజులు బాగుండాలి. కాబట్టి మోతాదే తక్కువగా పెడతాం. ఎక్కువ కుక్కలు మందు వేసిన మూడో రోజునో నాలుగో రోజునో ఒక పూట తిండి మానడం, రెండుసార్లు విరేచనం కావడం, అంతటితో సరి. లాబ్రడార్‌కి బొచ్చు ఊడదు, మీసాలు రాలొచ్చు. ఆసుపత్రిలో చేర్చాల్సినంత జబ్బుపడేవి కొద్ది శాతమే. కానీ ఆ కొద్దిలో ప్రాణం మీదికొచ్చేవీ ఉంటాయి. మందు వేసిన వారానికి తెల్లకణాలు బాగా దిగుతాయి, అప్పుడు వచ్చే జ్వరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కుక్కకి 101 నుంచి 102.5 డిగ్రీలు మామూలే. 103.5 దాటి మందకొడిగా పడుకుంటే రాత్రయినా బయల్దేరాలి. ఆ వారం కాలవలో ఈత బంద్. పచ్చిమాంసం, పచ్చిచేప పెట్టకండి. ఉడికించిన చేప ముళ్ళు తీసి అన్నంలో కలిపి పెట్టండి, గుడ్డు పెట్టండి. తిండి గురించి ఇంతకు మించి పెద్ద రహస్యాలేమీ లేవు, ఆకలి ఉండడమే ముఖ్యం.

ఎన్నాళ్ళుంటాడన్నదానికి అంకెలే చెప్తాను, మీరు లెక్కల మాస్టారు కాబట్టి దాచను. స్లయిడ్‌లో పెద్దకణాల లింఫోమా అని తేలిందనుకుందాం. ఏ వైద్యమూ లేకపోతే సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు. ప్రెడ్నిసొలోన్ ఒక్కటే ఇచ్చి 109 కుక్కల్ని గమనించిన పరిశోధన 2021లో వచ్చింది, మధ్యస్థం 50 రోజులు. ఆయుష్షు వరసలో నిలబెడితే 55వ కుక్క దగ్గర 50 రోజులన్నమాట. సగటు కాదు, గడువూ కాదు. విన్‌క్రిస్టిన్, సైక్లోఫాస్ఫమైడ్, డాక్సోరుబిసిన్, ప్రెడ్నిసొలోన్ నాలుగూ కలిపి ఇచ్చే చాప్ పద్ధతిలో నూటికి ఎనభై, తొంభై కుక్కల్లో బిళ్ళలు పూర్తిగా పోతాయి. మధ్యస్థం పది నుంచి పన్నెండు నెలలు, రెండేళ్ళు దాటేవి నాలుగో వంతు లోపు. శాశ్వతంగా నయం కావడం అరుదు, ఎవరైనా హామీ ఇస్తే అక్కణ్ణుంచి లేచి వచ్చెయ్యండి. డాక్సోరుబిసిన్ ఒక్కటే మూడు వారాలకోసారి అయిదారుసార్లు ఇస్తే ఆరు నుంచి ఎనిమిది నెలలు.

భీముడికి కలిసొచ్చే సంగతులున్నాయి. తింటున్నాడు, దూకుతున్నాడు. ఒంట్లో నలత లేని కుక్కలకి ఫలితం మెరుగ్గా ఉంటుంది. లింఫు కణాల్లో బి, టి అని రెండు రకాలు. బి కణాల రకమైతే ఇంకా నయం, ఇందాక చెప్పిన నెమ్మదైన టీ-జోన్‌ని పక్కన పెడితే టి కణాల రకం మొండిది. అది తేల్చే ప్రత్యేక పరీక్షలు దొరక్కపోతే కనీసం రక్తంలో కాల్షియం చూడమనండి. బాగా పెరిగి ఉంటే టి రకాన్ని అనుమానించాలి. నీళ్ళు తెగ తాగుతూ తెగ పోస్తున్నాడేమో ఇప్పట్నించే గమనించండి.

నన్ను అడిగితే, చాప్ పద్ధతిలో ఎక్కువమంది వాడేదాంట్లో 25 వారాల్లో 16 సార్లు మందు వెయ్యాలి. అంబాజీపేట నుంచి గన్నవరం పశువైద్య కళాశాలకి పోనూ రానూ ఒక రోజు. ఇంట్లో నెలలు నిండుతున్న అమ్మాయి ఉండగా మీరది లాగగలరా? లాగగలిగితే అదే ఉత్తమం. కాకపోతే డాక్సోరుబిసిన్ ఒక్కటే, అయిదారు ప్రయాణాలు. మీ ఇంటి పరిస్థితికి నా ఓటు దీనికే. ఆ ఎర్రమందు గుండె కండరం మీద పనిచేస్తుంది కాబట్టి మొత్తం మోతాదుకి హద్దుంది, ముందు గుండె చూపించాలి. రెండూ కుదరవనుకుంటే, అప్పుడు ఆ ఫ్రిజ్ మీది డబ్బా. తెలిసి, చూసి, తేల్చుకున్నాక వేసే ప్రెడ్నిసొలోన్ కూడా వైద్యమే. కొన్ని వారాలు హాయిగా తిని తిరుగుతాడు, ఆకలి పెరిగి మీ పళ్ళెంలోకి తల దూరుస్తాడు. డబ్బు లేకో, వీలు లేకో ఆ దారి పట్టినవాళ్ళు తప్పు చేసినట్టు కుంగిపోవడం నేను చాలాసార్లు చూశాను. వాళ్ళలో చాలామంది కుక్కలు మంచి చావే చచ్చాయి.

ఒక హెచ్చరిక. నొప్పి అనుకుని మీ కీళ్ళనొప్పుల మాత్రలు, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వాడికి వెయ్యొద్దు. విడిగానే కుక్కలకి ప్రమాదం, ప్రెడ్నిసొలోన్‌తో కలిస్తే కడుపులో పుండ్లు పడి రక్తం కక్కుకుంటాయి. ప్రెడ్నిసొలోన్ మొదలెట్టాక ఉన్నట్టుండి ఆపనూ కూడదు.

గోడ మీది క్యాలెండరులో ఇవాళ్టి నుంచే గుర్తులు పెట్టడం మొదలెట్టండి. గేటు చప్పుడుకి లేచి వచ్చాడా, గిన్నె ఖాళీ చేశాడా, కాలవ గట్టు దాకా నడిచాడా. మూడూ ఉంటే టిక్కు, లేకపోతే సున్నా. నెల తిప్పినప్పుడు టిక్కుల కన్నా సున్నాలు ఎక్కువగా కనబడితే, ఆ రోజు డాక్టరుతో ఇంకో రకం మాట మాట్లాడాలి, అది మీ ఆవిడ గారు పక్కనుండగానే మాట్లాడండి.

ఈ వారంలోనే వెళ్ళండి, వచ్చే నెల కాదు. ముందు ఫోన్ చేసి సూది పరీక్ష ఏ రోజు చేస్తారో, కీమో మందులు వాళ్ళ దగ్గరున్నాయో బయట కొని తేవాలో కనుక్కోండి. తెల్లవారుజామునే బయల్దేరితే ఎండెక్కకుండా ఏలూరు దాటతారు. కంపౌండరు చేసిన ఇంజెక్షన్ పేరు చీటీ మీద రాయించుకోండి, వాడికి వేసిన టీకాల కార్డు పట్టుకెళ్ళండి. ఎర్లీషియా పరీక్ష కూడా అదే రక్తంలో చెయ్యమనండి. ఫ్రిజ్ మీది డబ్బా కూడా సంచిలో వేసుకోండి, రిపోర్టు చూశాక మూత తీయాలో వద్దో అక్కడే అడగొచ్చు.